మాగాయ ఊట

ఆదివారం బొబ్బిలిలో అమ్మతో కలిసి మాగాయ ముక్కలు కోసి, ఉప్పు, పసుపు పట్టించి జాడీకెత్తాం. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. మూడో రోజు మూత తీస్తే ముక్కలు సగం మునిగేంత ఊట! "కాయ మంచిదేనే, ఊట బాగా దిగింది" అంది అమ్మ సంబరంగా.

పదేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి పిల్లలకు ద్రవాభిసరణ, అంటే పలుచటి పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు వెళ్లడం గురించి చెబుతున్నాను. కానీ ఆ ఊటలో వేలు ముంచినప్పుడు కలిగిన ఆశ్చర్యం వేరు. ఆ నీళ్లలో చాలా భాగం ముక్కలోని ఒక్కో కణం తన రిక్తికలో, అంటే లోపలి నీటి సంచిలో, దాచుకున్నవే. బయట ఉప్పు ఎక్కువయ్యేసరికి కణాన్ని చుట్టి ఉండే పొర, కణత్వచం, దాటి వచ్చేశాయి. ఆ పొర మందం ఏడెనిమిది నానోమీటర్లే. అందులో నీటి కోసమే ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ దారులున్నాయి. ఒక్క దారిలో సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు, ఒకదాని వెనక ఒకటి వెళ్లగలవు! వీటిని కనిపెట్టిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

పిండిన ముక్కను ఎండలో వేసేముందు వంచి చూశాను. ఆదివారం టక్కున విరిగిన ముక్క, ఇవాళ తోలులా వంగింది. జూన్‌లో బడి తెరిచేదాకా ఆగలేక, పక్కింటి పదో తరగతి పిల్లను పిలిచి దాని చేతిలో పెట్టాను.