'నీటి గీత' బయటికొచ్చింది: నా ఆట, నా ప్లేటెస్ట్, నా మంట

ఈ వారమే నా కొత్త టేబుల్‌టాప్ ఆర్పీజీ (బల్ల చుట్టూ కూర్చుని అందరూ కలిసి కథ అల్లుకుంటూ ఆడే ఆట) 'నీటి గీత'ను అమ్మకానికి పెట్టాను. పీడీఎఫ్ ఉంది, అచ్చు పుస్తకమూ ఉంది. కొనేవాళ్ళకంటే "ఆట ఎలా తయారుచేశారు, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఒక్కసారే రాసేస్తున్నాను. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. అక్కడక్కడా కనిపిస్తే సర్దుకోండి.

ముందు ఆట సంగతి. ఆనకట్ట కడుతున్నారు, దాని వెనక మునిగిపోబోయే ఊరు ఒకటుంది. ముగ్గురి నుంచి ఐదుగురు దాకా ఆడొచ్చు. కథ నడిపించే జీఎం (గేమ్ మాస్టర్) ఉండడు. పెద్ద కాగితం పరిచి అందరూ కలిసి పెన్సిల్‌తో ఊరి పటం గీస్తారు: బావి, బడి, ఎవరిదో ఇల్లు, ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుంటున్న పొలం గట్టు. పేకముక్క తీసినప్పుడల్లా ఊళ్ళో ఏదో ఒకటి జరుగుతుంది. ఇస్పేటు పడితే నీళ్ళు పెరుగుతాయి. పటం మీద నీటి గీత ఇంకాస్త పైకి జరుగుతుంది, ఆ గీత కిందికి పోయినదాన్ని రబ్బరుతో చెరిపేయాలి. ఎవరు గీశారో వాళ్ళే చెరపాలి. నాకు ఈ ఆటలో ప్రాణమంతా ఆ ఒక్క రూల్‌లోనే ఉంది.

ఇదెక్కడి నుంచి వచ్చిందంటే, డ్రాగన్ల నుంచి మాత్రం రాలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన, ఈ రకం ఆటలకు మూలమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' యుద్ధ ఆటల కడుపున పుట్టింది. అందుకే ఈ రంగంలో ఇప్పటికీ చాలామంది కొత్త ఆట చూడగానే "ఎవరితో కొట్లాట?" అనే అడుగుతారు. నన్ను పట్టేసింది 'డ్రెడ్' అనే భయం ఆట. దాంట్లో పాచికలు లేవు, జెంగా కట్టెల గోపురం ఉంటుంది. కష్టమైన పని చేయాలంటే ఒక కట్టె లాగాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వాళ్ళ పాత్ర ఆటలోంచి పోతుంది. భయపడుతున్నట్టు నటించక్కర్లేదు, చెయ్యి దానంతటదే వణుకుతుంది. రూల్ చేయాల్సిన పని చేతిలో ఉన్న వస్తువే చేసేస్తోంది కదా అని అప్పుడే అనిపించింది.

రెండోది ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చిన 'ద క్వైట్ ఇయర్'. పేకలో 52 ముక్కలు, ఏడాదిలో 52 వారాలు, ఇస్పేటు లాంటి ఒక్కో గుర్తు ఒక్కో రుతువు, అందరూ కలిసి గీసే పటం. "అదే కదా ఇది!" అని ఇప్పటికే చాలామంది అన్నారు. అక్కడ నేర్చుకున్నది కాదని నేనెప్పుడూ అనలేదు, పుస్తకం చివరి పేజీలో రాశాను కూడా. అక్కడ పటం మీదికి ఒక్కొక్కటీ వచ్చి చేరుతుంటాయి, నా ఆటలో ఒక్కొక్కటీ పోతుంటాయి. ఆడి చూశాక మాట్లాడండి.

ముక్కల లెక్క తొందరగానే తేలింది. పేక మొత్తం ఒక్కసారి కలిపేస్తే మొదట్లోనే ఇస్పేట్లు వరసగా పడి ఊరు కాఫీ చల్లారేలోపు మునిగిపోవచ్చు. అందుకని పేకను పదమూడేసి ముక్కల చొప్పున నాలుగు కట్టలు చేయించాను. మొదటి కట్టలో ఇస్పేటు ఒకటే, రెండో దాంట్లో రెండు, తర్వాత నాలుగు, ఆఖర్న ఆరు. ఏ కట్టకాకట్ట కలుపుకోవాలి. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు, తొందరపడుతున్నాయని మాత్రం తెలుస్తుంది.

పాచికలు కొన్ని సందర్భాల్లోనే వాడాను, అధికారిని బతిమాలేటప్పుడు, ఇల్లు వదలనన్న ముసలాయనకు నచ్చజెప్పేటప్పుడు. పద్ధతి విన్సెంట్ బేకర్, మెగ్వీ బేకర్ 2010లో తెచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' నుంచి తీసుకున్నదే: రెండు పాచికలు వేయాలి, 10 లేదా ఆ పైన పడితే అనుకున్నది అవుతుంది, 7 నుంచి 9 అయితే అవుతుంది కానీ ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, 6 లేదా తక్కువైతే కథ అడ్డం తిరుగుతుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. పడిన మొత్తానికి ఏమీ కలపకపోతే అందులో 15 కిందికి, 15 మధ్యకి, 6 పైకి పోతాయి. ఒకటి కలిపితే 10, 16, 10. మూడు కలిపితే 21 నేరుగా పైకే, అంటే సగానికి మించి పూర్తి గెలుపు. మునిగే ఊళ్ళో అంత గెలుపెందుకు? ఒకటి దగ్గరే ఆపేశాను. ఈ లెక్క వేసుకోకుండా 'ప్లస్ త్రీ'లు పంచిపెట్టే డిజైనర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పలక మీద వేసుకున్నా పది నిమిషాల పని.

లైసెన్సు గురించి టెన్షన్ పడకండి. ఆట నడిచే పద్ధతికి కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన మాటలకీ బొమ్మలకీ ఉంటుంది. మీ మాటల్లో మీరు రాసుకుంటే సరిపోతుంది. వేరేవాళ్ళ వాక్యాలు వాడాలనుకుంటే లైసెన్సు చదవాలి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' రూళ్ళను వాడుకోనిచ్చే లైసెన్సు ఓజీఎల్‌ను 2000 నుంచి అందరూ ధీమాగా వాడుకుంటుంటే, ఆ ఆట కంపెనీ దాన్ని మార్చబోతోందని 2023 జనవరిలో ముసాయిదా బయటికి పొక్కి గోల గోల అయింది. ఆ నెలాఖరుకే వెనక్కి తగ్గి, ఆ ఆట మూల రూళ్ళున్న ఎస్‌ఆర్‌డీ 5.1ను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు. అప్పటినుంచి ఎవరి ఇంటి నీడలోనో ఆట కట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక అసలు కథ. బ్లైండ్ ప్లేటెస్ట్.

స్నేహితులతో ఎన్నిసార్లు ఆడినా అది పరీక్ష కిందికి రాదు. వాళ్ళు తడబడగానే మనం నోటితో చెప్పేస్తాం. బ్లైండ్ టెస్ట్ అంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతికి రూల్‌బుక్ ఇచ్చి నోరు మూసుకోవడం. డిజైనర్లు ఒకరి ఆట ఒకరు పరీక్షించుకునే గుంపు ఒకటి ఉంటే అందులో చేరాను. నిర్వాహకుడు పెద్ద సూచనల పట్టిక పంపాడు. రాసినవాళ్ళు ఆటగాళ్ళ వెనక కుర్చీలో కూర్చోవాలి, మాట్లాడకూడదు, తల ఊపకూడదు, నిట్టూర్చకూడదు. నిట్టూర్పు సంగతి నిజంగానే రాశాడు. రాసింది ఎవరో ఆటగాళ్ళకు చెప్పరు.

నలుగురు కూర్చున్నారు. ఒకావిడ పుస్తకం పైకి చదువుతోంది. ఆరో పేజీలో "కార్డు తీయండి" అని ఉంది. ఎవరు తీయాలి? నలుగురూ తలా ఒకటా, అందరికీ కలిపి ఒకటా? వరస ఎటు నుంచి? జవాబు తొమ్మిదో పేజీలో, చుట్టూ గీత గీసిన పెద్ద పెట్టెలో, లావు అక్షరాల్లో, ఉదాహరణతో సహా ఉంది. తొమ్మిదో పేజీ తిప్పినవాడు లేడు. ఏడు తిప్పారు, ఎనిమిది తిప్పారు, మళ్ళీ ఆరుకి వచ్చారు. నేను వెనక నుంచి ఆ పుస్తకాన్ని కళ్ళతోనే తిప్పేద్దామని చూస్తున్నాను. చివరికి గళ్ళ చొక్కా ఆయన పుస్తకం బల్ల మీద పడేసి, "ఇది రాసిన మనిషి ఒక్కసారైనా ఆడి చూశాడంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆయన వీపుకి మూరెడు దూరంలో ఉన్నాను. నోరు తెరవబోయాను కాబోలు, నిర్వాహకుడు దూరం నుంచే పెదాల మీద వేలు పెట్టి చూపించాడు, చిన్నపిల్లలకి బళ్ళో చూపించినట్టు. చెవులు వేడెక్కిపోయాయి.

సరే, వాళ్ళే ఏదో వరస పెట్టుకుని ఆడారు. మొదటి ఇస్పేటు పడింది. గీత జరిగింది. దాని కిందికి పుస్తకం చదివినావిడ గీసిన చింతచెట్టు వచ్చింది, ఉయ్యాలతో సహా. "నేను చెరపను. ఇంత బాగా వస్తే!" అంది. గళ్ళ చొక్కా ఆయన "చెరపడమెందుకండీ, అడ్డంగా ఒక గీత కొట్టేస్తే పోలా? కాగితం నలిగిపోతుంది" అన్నాడు. నలుగురూ ఒప్పుకున్నారు. చెట్టు మీద ఇంటూ మార్కు పెట్టారు. ఎందుకోసమైతే ఆట మొత్తం చేశానో, సరిగ్గా దాన్నే తీసి పక్కన పెట్టేశారు, అదీ కాగితం నలుగుతుందని! లేచి వెళ్ళిపోదామా అనిపించింది. ఇంటూ మార్కు పెడితే చెట్టు ఇంకా అక్కడే ఉంటుంది కదా, నీళ్ళకి ఇంటూ మార్కు పెట్టడం వచ్చా?

తర్వాతి ఇస్పేటుకు బావి పోయింది. బావి గీసిన కుర్రాడు అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. ఎవరినీ అడక్కుండా రబ్బరు తీసుకుని మెల్లగా చెరపడం మొదలుపెట్టాడు. పెన్సిల్ బాగా ఒత్తి గీసినట్టున్నాడు, నలుపంతా పోయినా కాగితంలో గుండ్రంగా గాడి మిగిలింది. రబ్బరు పొట్టు ఊదేశాడు. పక్కనున్నాయన ఆ గాడి మీద వేలు పెట్టి తడిమి, "ఇంకా ఉంది" అన్నాడు. బల్ల దగ్గర కాసేపు ఎవరూ పుస్తకం వైపు చూడలేదు. తర్వాత ఆవిడ రబ్బరు లాక్కుని ఇంటూ మార్కుతో సహా చింతచెట్టును చెరిపేసింది. చెరిపేసి, గీతకి పైన, కొండ మీద, మళ్ళీ చెట్టు గీయబోయింది. అలా గీయొచ్చా లేదా అని గొడవ. నా పుస్తకంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. "మునిగిన చెట్టు కొండెక్కుతుందా?" అని ఒకరు, "మొక్క తీసుకెళ్ళి నాటాం" అని ఆవిడ. ఆ గొడవలోనే ఆట మొత్తం ఆడేశారు. అంత గట్టిగా కొట్టుకోవడం, నా లెక్కలో, ఆ రోజు ఆ హాల్లో ఆడిన వేరే ఏ ఆటలోనూ లేదు.

ఆ సమయంలో నిర్వాహకుడు ఏం చేస్తున్నాడో తెలుసా? ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆఖర్న ఫారాలు పంచాడు. "సరదా: 1 నుంచి 10". మునిగిపోతున్న ఊరి ఆటకి సరదా మార్కులు! నాలుగు, మూడు, నాలుగు, ఐదు. కింద సలహాలు: జీఎంను పెట్టండి, ఊరిని కాపాడుకునే దారి ఇవ్వండి, ఆనకట్ట కట్టేవాళ్ళతో పోరాటం కలపండి. తర్వాత నిర్వాహకుడు "ఆటకు దిశ లేదు, మొదటినుంచి ఆలోచించుకోవాలి" అని ఈమెయిల్ పెట్టాడు. నాకొక్కదానికి కాదు, గుంపులో అందరికీ కాపీ పెట్టి.

కొన్నాళ్ళు ఫైలు తెరవలేదు. నాకు అర్థం కానిది అవమానం కూడా కాదు, ఆ మార్కులు. రబ్బరు కోసం కొట్టుకున్నవాళ్ళే అంత తక్కువ వేశారు. ఏది నమ్మాలి? చివరికి చేతుల్నే నమ్మాను. ఫారం నింపేటప్పుడు మనిషి తనకు తెలిసిన వేరే ఆటలన్నీ గుర్తు తెచ్చుకుని మార్కులేస్తాడు. రబ్బరు లాక్కునేటప్పుడు అంత తీరిక ఉండదు.

జీఎంను పెట్టలేదు. ఊరిని కాపాడే దారీ పెట్టలేదు. తొమ్మిదో పేజీ పెట్టెను ఆరుకి జరిపాను, ఇంటూ మార్కు కుదరదని ముందే రాశాను, పెన్సిల్ గట్టిగా ఒత్తి గీయమని చెప్పాను. కొత్త రూల్ ఒకటి చేర్చాను: చెరిపినదాన్ని గీతకి పైన మళ్ళీ గీసుకోవచ్చు, కాకపోతే ముందుకన్నా చిన్నదిగా. ఆఖరి కట్టకు వచ్చేసరికి కొండ మీద గింజలంత ఇళ్ళు, అగ్గిపుల్లంత బడి మిగులుతాయి. ఆడినవాళ్ళందరూ ముందు చెప్పేది ఆ రూల్ గురించే. గొప్ప చెప్పుకుంటున్నాననుకోండి, పర్వాలేదు.

మీరు టెస్ట్ పెడితే మార్కుల ఫారం ఇవ్వకండి. ఏ పేజీకి వెనక్కి తిప్పారు, ఎప్పుడు ఫోన్ తీశారు, ఏ రూల్ వదిలేసి ఆడారు, ఇవి మీరే చూసి రాసుకోండి. ఆట అయ్యాక "ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఏం చెప్తారు" అని ఒక్కటి అడగండి చాలు. అన్నట్టు, ఆడిపెట్టినవాళ్ళ పేర్లు పుస్తకంలో తప్పకుండా వేయండి. ఉచితంగా తమ సాయంత్రం ఇచ్చినవాళ్ళని మర్చిపోవడం మన రంగంలో మామూలైపోయింది, సిగ్గుచేటు. నేను గళ్ళ చొక్కా ఆయన పేరు కూడా వేశాను. నిర్వాహకుడి పేరు వేయలేదు. చిన్నబుద్ధి అనుకుంటే అనుకోండి.

మిగతావి చిన్నవి. ఊరు పోగొట్టుకున్న అనుభవం నిజంగా ఉన్నవాళ్ళు బల్ల దగ్గర ఉండొచ్చు కాబట్టి జాన్ స్టావ్రోపోలస్ పద్ధతిలో ఎక్స్ కార్డు పెట్టమని రాశాను. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సంగతి అక్కడితో వదిలేయాలి, ఎందుకని అడగకూడదు. అచ్చు దగ్గర పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగు చొప్పునే పెరగాలి, అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి, బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), రంగులు సీఎంవైకే (అచ్చు సిరాల పద్ధతి). తెర మీద మెరిసిన నా నీలం గీత సీఎంవైకేలో బురదనీళ్ళలా వచ్చింది. కథకి అదే నప్పిందని ఉంచేశాను.

తర్వాతి పని ఒక్క పేజీ ఆట. జాన్ హార్పర్ 2013లో 'లేజర్స్ అండ్ ఫీలింగ్స్'ను ఒకే పేజీలో పెట్టాడు, ఒక్కో పాత్రకు ఒకే ఒక్క అంకె. అప్పటినుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. నాది రాత్రి కాపలావాళ్ళ ఆట, ఈలలు తప్ప మాటలుండవు. ముసాయిదా అయింది, బ్లైండ్ టెస్ట్‌కి మనుషులు కావాలి. నేను వెనక కూర్చుంటాను, నిట్టూరుస్తాను కూడా. ఫారాలుండవు. రావాలనుకున్నవాళ్ళు చెప్పండి.