నాలుగో గిటారిస్టు

నోటీసు బోర్డు మీద క్రికెట్ జట్టు జాబితాకీ పరీక్ష ఫీజు గడువుకీ మధ్య ఒక చిన్న కాగితం. "బ్యాండ్ పెడుతున్నాం. వాయించడం వచ్చినవాళ్లు శుక్రవారం సాయంత్రం సంగీతం గదికి రండి." 'పెడుతున్నాం' అని గొప్పగా రాశాడు గానీ అప్పటికి ఉన్నది వాడొక్కడే. నాకంటే ఒక తరగతి పైన. పొడుగ్గా, ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టు కనిపించేవాడు.

ఆ శుక్రవారం నలుగురం పోగయ్యాం, కాగితం రాసినవాడితో కలిపి. నాలుగు గిటార్లు. డ్రమ్మర్ లేడు, బేస్ (మందర స్థాయిలో మోగే నాలుగు తీగల గిటార్) లేదు, పాడేవాళ్లు లేరు. ఒకరి సంచీ ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఇందులో వింతేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. గిటార్ అయితే గదిలో తలుపేసుకుని ఒక్కడే నేర్చుకోవచ్చు, వచ్చిన నాలుగు కార్డులతోనే (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు) పాట మొత్తం వాయించినట్టు ఉంటుంది. డ్రమ్ములకు జాగా కావాలి, ఇంట్లోవాళ్లకు ఓపిక ఉండాలి. ఇక బేస్ ఒక్కటే వాయిస్తే అది ఏ పాటో కన్నతల్లి కూడా చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత చదివాను, 1976లో డబ్లిన్‌లోని మౌంట్ టెంపుల్ బడిలో పద్నాలుగేళ్ల ల్యారీ మలెన్ ఇలాంటి నోటీసే పెట్టాడట. వచ్చినవాళ్లంతా ల్యారీ ఇంటి వంటగదిలో ఇరుక్కుని వాయించారు. ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూ మొదలైంది అక్కడే. వాళ్ల అదృష్టమల్లా నోటీసు పెట్టినవాడు డ్రమ్మర్ కావడం. మా వాడు గిటారిస్టు.

సరే, ఒక్కొక్కరం వాయించి చూపించాలన్నాడు. రెండోవాడు వాయించడం మొదలుపెట్టిన అరనిమిషానికే అందరికీ అర్థమైపోయింది, వాడు నోటీసు రాసినవాడికంటే బాగా వాయిస్తాడని. ఎక్కువగా అర్థమైంది నోటీసు రాసినవాడికే. కాసేపు తన గిటార్ చెవులు తిప్పుతూ కూర్చున్నాడు. 1957 జూలై 6న ఒక చర్చి ఉత్సవంలో పదహారేళ్ల జాన్ లెనన్‌కు పదిహేనేళ్ల పాల్ మెక్‌కార్ట్నీ ఎదురైనప్పుడూ ఇదే చిక్కు, తర్వాత బీటిల్స్ బ్యాండ్ అయింది వాళ్ల గుంపే. తనకంటే మెరుగైనవాణ్ణి చేర్చుకుంటే గుంపు బాగుపడుతుంది, తన పెద్దరికం తగ్గుతుంది. లెనన్ చేర్చుకున్నాడు. మా వాడూ చేర్చుకున్నాడు, కాకపోతే "సోలోలు నీవి, పాటలు ఎంచేది మాత్రం నేనే" అని షరతు పెట్టాడు.

మూడోవాడి గిటార్ అంతంతమాత్రం. కానీ వాయిస్తూ మధ్యలో తనకు తెలియకుండానే పాడాడు. ముగ్గురం తలలెత్తాం. పాటగాడు దొరికాడు. పాడటం తనకు అవమానమన్నట్టు మూడు వారాలపాటు గిటార్ మెడలో వేసుకునే పాడాడు, యాంప్‌కు (చప్పుడు పెంచే పెట్టెకు) తీగ తగిలించకుండా.

నాలుగోవాణ్ణి నేను. నాకు మూడు కార్డులు వచ్చు. చూపుడువేలితో ఆరు తీగలూ ఒక్కసారి నొక్కాల్సిన ఎఫ్ కార్డు ఎన్ని నెలలైనా డబ్‌డబ్‌మంటుందే తప్ప మోగదు. నేను ముగించాక గదిలో మర్యాదగా నిశ్శబ్దం. చివరికి నోటీసు రాసినవాడే, "ఒరేయ్, నువ్వు బేస్" అన్నాడు.

"బేస్ లేదు కదన్నా?"

"నీ గిటార్‌లో సన్నవి రెండు తీగలు పీకెయ్."

పీకేశాను. మిగిలిన నాలుగూ పాశ్చాత్య స్వరాల పేర్లతో చెబితే ఇ, ఎ, డి, జి. బేస్ గిటార్ తీగలవీ అవే పేర్లు. నావి ఒక స్థాయి పైన మోగుతాయి, అంతే తేడా. ఇంటికి వెళ్లేదాకా ఆ రెండు తీగల చుట్ట జేబులో గుచ్చుకుంటూనే ఉంది. మెక్‌కార్ట్నీ కూడా 1961లో బేస్ వాయించేవాడు వెళ్లిపోతే గత్యంతరం లేకే ఆ పని నెత్తికెత్తుకున్నాడని అప్పటికి తెలిసుంటే కొంచెం ఊరటగా ఉండేది.

డ్రమ్మర్‌ను మాకు పట్టించింది లెక్కల మేడమ్. బల్ల మీద వేళ్లతో కొడుతున్నాడని పక్క సెక్షన్ కుర్రాణ్ణి వరండాలో నిలబెట్టారు. వాడు అక్కడా మానలేదు. కుడిచెయ్యి కిటికీ చువ్వ మీద, ఎడమచెయ్యి గోడ మీద, మడమ నేల మీద. మూడు చోట్లా మూడు రకాలుగా, ఒకదానితో ఒకటి తగువు పడకుండా. నేను నీళ్లకని బయటికొచ్చి చూశాను. "డ్రమ్స్ వాయిస్తావా?" అంటే "ఎప్పుడూ ముట్టుకోలేదు" అన్నాడు. ఇవాళ్టికీ నా అభిప్రాయం ఇదే: బ్యాండ్‌కు వాయిద్యం ఉన్నవాడికంటే ఊరుకోలేనివాడు ముఖ్యం.

వాడికి డ్రమ్ములు ఆటల గదిలోంచి వచ్చాయి. కవాతుకు వాడే పెద్ద డ్రమ్మును పక్కకు తిప్పి నేల మీద నిలబెట్టాం. పెడల్ అరువు తెచ్చాం. కానీ ప్రతి దెబ్బకీ డ్రమ్ము అంగుళం ముందుకు జరిగేది. పాట అయ్యేసరికి వాడు కాళ్లు చాపుకుని దాదాపు పడుకునేవాడు. దానికి ఉపాయం కూడా వాడే కనిపెట్టాడు. డ్రమ్ముకు తాడు కట్టి రెండో కొస తను కూర్చునే స్టూలు కాళ్లకు బిగించాడు. తన బరువే డ్రమ్మును ఆపుతుంది. ఈ తాడును గుర్తుపెట్టుకోండి.

మా ఐదుగురికీ ఉమ్మడిగా వచ్చిన పాట ఒక్కటీ లేదని తేలడానికి ఒక సాయంత్రం పట్టింది. అందుకని పాట కాకుండా పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల కొలత) బ్లూస్ వరసతో మొదలుపెట్టాం. నాలుగు బార్లు ఎ, రెండు డి, మళ్లీ రెండు ఎ, ఆపైన ఇ ఒకటి, డి ఒకటి, చివర ఎ రెండు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎ, డి, ఇ మూడూ నా గిటార్‌లో మెడ మీది ఏ ఫ్రెట్టూ (లోహపు గీత) నొక్కకుండా మోగే తీగలే. ఎడమచేతికి పనే లేదు.

వరస కుదిరింది గానీ శ్రుతి కుదర్లేదు. ఎవరి గిటార్ వాళ్లకు సరిగ్గానే ఉంటుంది, కలిపితే ఏడుపు. ఒక ప్రమాణం కావాలని ఫిజిక్స్ ల్యాబ్‌లోంచి 'ఎ' అని చెక్కిన శృతిదండం అడిగి తెచ్చాం. నాలుగు గిటార్లూ దానికే కలిపాం. అమృతం! ఆ ఆనందంలో సంగీతం గదిలోని కీబోర్డు తీసి మధ్యలో తోడు వేశాం. మళ్లీ ఏడుపు. ఏ మెట్టు నొక్కినా మాతో కలవదు, దాని పక్క మెట్టూ కలవదు. మూడు రోజులు కీబోర్డు పాడైందనే తిట్టుకున్నాం.

శృతిదండం తిరిగి ఇవ్వడానికి వెళ్తే ఫిజిక్స్ సార్ అడిగారు, "ఒరేయ్, దీని మీద అంకె చదివారా?" 426.6 అని ఉంది. ల్యాబ్ దండాల్లో 'సి' సెకనుకు 256 కంపనాల దగ్గర మొదలవుతుంది, ఆ లెక్కన 'ఎ' 426.6. సంగీతంవాళ్ల 'ఎ' 440. మేము సరిగ్గా రెండు మెట్ల మధ్య సందులో ఇరుక్కున్నామన్నమాట. ఆ పాఠం నాకు పరీక్షలో రెండు మార్కులు కూడా తెచ్చింది.

గొడవల్లో పెద్దది చప్పుడు గొడవ. ఒకడు తనకు వినపడ్డం లేదని యాంప్ పెంచుతాడు, రెండోవాడు వాడికంటే పెంచుతాడు, పాటగాడు అరుస్తాడు. డ్రమ్ముకు తిప్పడానికి మర ఉండదు కాబట్టి మిగతావాళ్లంతా దానికి తగ్గట్టు తగ్గాలన్న సంగతి అర్థమయ్యేసరికి మాకు సగం చెవుడు వచ్చింది. ఈలోగా పాటగాడికి గొంతు మారడం మొదలైంది. పల్లవి పిల్లవాడిలా ఎత్తుకుని చరణంలో పెద్దమనిషి అయ్యేవాడు. వాణ్ణి మార్చాలన్న మాట ఎవరూ అనలేదు, వరసనే 'ఎ' నుంచి 'జి'కి దించాం. నా ఖాళీ తీగల భోగం అక్కడితో సరి. నెల తిరగకుండానే 'ఇ'కి దించాల్సి వచ్చింది. అంతకంటే కిందికి నా దగ్గర తీగ లేదు.

వార్షికోత్సవంలో పది నిమిషాలిచ్చారు. మొదటి పాట గదిలో నాలుగు నిమిషాలు పట్టేది, వేదిక మీద మూడు నిమిషాల్లో ముగిసింది. ఎవరూ కావాలని పరుగెత్తలేదు, గుండెలే ముందు పరుగెత్తాయి. రెండో పాట మధ్యలో డ్రమ్ము కదిలింది. పాలిష్ చేసిన చెక్క వేదిక మరి. జారుతూ జారుతూ పెడల్‌ను వదిలేసి పాటగాడి కాళ్ల దాకా వెళ్లింది. డ్రమ్మర్ దాని వెనకాలే వెళ్లాడు. గిటార్లు రెండూ బిత్తరపోయి ఆగాయి.

నేను ఆగలేదు. ధైర్యం కాదు, తల దించుకుని వేళ్లు చూసుకుంటున్నానేమో, జరిగింది నాకు తెలియదు. రెండు బార్లు హాలంతటికీ నా నాలుగు తీగలు మాత్రమే వినపడ్డాయి. తలెత్తేసరికి పాటగాడు నా వైపు తిరిగి, కాలితో డ్రమ్మును ఆపి, వేళ్లతో ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాడు. మూడో బార్‌కు అందరూ వచ్చి కలిశారు.

తెర పడగానే డ్రమ్మర్ అడిగిన మొదటి మాట, "తాడు కట్టిందెవడ్రా?" అని. తాడు సంగీతం గదిలో మర్చిపోయి, చివరి నిమిషంలో నా బూటు లేసుతో ముడివేసింది నేనే. ఆ సంగతి వాడికి ఈ సంచిక చేతికొచ్చాకే తెలుస్తుంది.