దూరిందని లింకు వస్తుందా?

నెట్‌వర్క్ స్విచ్ పోర్టులోకి దూర్చి ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూళ్ళివి: 1జీ ఎస్‌ఎఫ్‌పీ, 10జీ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్, 25జీ ఎస్‌ఎఫ్‌పీ28. జీ అంటే సెకనుకు గిగాబిట్, వేగం లెక్క. మూడూ ఒకే సైజు. ఏ మాడ్యూల్‌నైనా ఏ పోర్టులోకైనా నెట్టండి, టక్కుమని కూర్చుంటుంది. ఆ టక్కు చప్పుడే మా ఫీల్డు కుర్రాళ్ళ కొంప ముంచుతోంది.

మొన్న గుంటూరు దగ్గర ఒక కాలేజీలో కోర్ స్విచ్ (అన్ని బ్లాకుల లింకులూ వచ్చి చేరే ప్రధాన స్విచ్) మార్చారు. కొత్తది 48 ఎస్‌ఎఫ్‌పీ28 పోర్టులది. బ్లాకుల్లో ఉన్నవి మాత్రం పాత స్విచ్‌లే, అప్‌లింక్ (కోర్‌కి వెళ్ళే లింకు) 1జీ. మధ్యలో సింగిల్ మోడ్ ఫైబర్. సాయంత్రం మా కుర్రాడి ఫోను.

"అన్నా, లైటు వస్తోంది గానీ లింకు రావట్లేదు."

"లైటు వస్తోందని ఎలా చెప్తున్నావు?"

"డీడీఎం చూశా అన్నా. ఇటు మైనస్ 7, అటు మైనస్ 4."

డీడీఎం అంటే మాడ్యూల్ తనకు అందే వెలుగును తానే కొలిచి చెప్పే సదుపాయం, లెక్క డీబీఎంలలో. రీడింగులు బంగారంలా ఉన్నాయి. ఫైబర్‌ని అనుమానించే పనే లేదు. రెండువైపుల మాడ్యూళ్ళనూ ఊడదీసి ఫొటో పెట్టమన్నాను. రెంటికీ నీలం గొళ్ళెం, రెండూ ఎల్‌సీ కనెక్టర్లే, రెంటి వెలుగు తరంగదైర్ఘ్యమూ 1310 నానోమీటర్లే, రెండూ 10 కిలోమీటర్ల రకమే. కవలల్లా ఉన్నాయి. ఫొటో పెద్దది చేస్తే లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో తేడా బయటపడింది. బ్లాకు వైపు 1జీ ఎల్‌ఎక్స్, కోర్ వైపు 10జీ ఎల్‌ఆర్.

డీడీఎం చెప్పేది వెలుగు ఎంత వస్తోందనే గానీ అది ఎంత వేగంగా మినుకుతోందని కాదు. 1జీ ఫైబర్ మీద సెకనుకు 125 కోట్ల సంకేతాలు వెళ్తాయి, 10జీ మీద 1031 కోట్ల పైచిలుకు. వాటిని పేర్చే పద్ధతి కూడా వేరు, ఒకటి 8 బిట్లను 10గా (8బీ/10బీ), ఇంకోటి 64 బిట్లను 66గా (64బీ/66బీ). వెలుగు చేరుతుంది, కానీ అవతలివాడికి ఒక్క ముక్కా అర్థం కాదు.

కొన్న కాంట్రాక్టరుగారిని అడిగితే, "పెద్దది చిన్నదాన్ని మొయ్యదా సార్?" అన్నాడు. తప్పు పట్టలేం. రాగి కేబుల్ అలవాటు అది. ఆర్‌జే45 పోర్టులు (రాగి కేబుల్ దూరేవి) 100, 1000 మెగాబిట్లు అని తమలో తాము మాట్లాడుకుని ఒక వేగానికి ఒప్పుకుంటాయి. 10జీ ఫైబర్‌లో ఆ బేరం లేదు. 1/10 అని రాసి ఉన్న డ్యూయల్ రేట్ మాడ్యూళ్ళు దొరుకుతాయి, అవి వేరే సంగతి. మామూలు 10జీ ఎల్‌ఆర్‌ని 1జీకి దిగమంటే దిగదు. కాబట్టి పోర్టు పెద్దదైనా, మాడ్యూల్ మాత్రం అవతలి వేగానిదే కొనాలి.

సరే, కోర్ వైపు కూడా 1జీ ఎల్‌ఎక్స్ పెట్టించాం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దీన్ని డేటాషీట్ చదివేవాళ్ళే పట్టుకుంటారు. ఎస్‌ఎఫ్‌పీ28 పోర్టన్నాక 10జీ సాధారణంగా పనిచేస్తుంది, 1జీ మాత్రం మోడల్‌ని బట్టి. ఈ మోడల్ ఒప్పుకుంటుంది, కానీ నాలుగేసి పోర్టులు ఒక గుంపు, గుంపంతా ఒకే వేగం. మావాడు 1జీ మాడ్యూల్ పెట్టబోయింది మూడో పోర్టులో. 1, 2, 4లో 25జీ సర్వర్లు ఉన్నాయి. వేగం మార్చి ఉంటే ఆ మూడూ పడిపోయేవి, హాల్‌టికెట్ల పోర్టల్‌తో సహా. "45 నుంచి 48 దాకా బ్లాకులకే వదిలెయ్, సర్వర్ల జోలికి పోకు" అన్నాను.

అయినా సగమే లింకు. కోర్ వైపు అప్, బ్లాకు వైపు డౌన్. ఇది నాకు పాత చుట్టమే. 1జీ ఫైబర్‌లో ఆటో నెగోషియేషన్ ఉంటుంది, అంటే రెండు చివరలూ ముందు ఒకదాన్నొకటి పలకరించుకుని ఒప్పుకోవడం. కోర్‌లో స్పీడ్ 1000 అని కొట్టగానే ఆ స్విచ్ దాన్ని ఆపేసింది. ఆపినవాడు వెలుగు చూసి లేచి కూర్చుంటాడు, ఆపనివాడు జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. రెండువైపులా ఆన్ చేయిస్తే లింకు వచ్చింది.

25జీలోనూ ఇలాంటి చిక్కే ఉంది, దాని పేరు ఎఫ్‌ఈసీ, దారిలో దొర్లే తప్పుల్ని అందుకునేవైపే సరిదిద్దే పద్ధతి. ఒకవైపు ఆర్‌ఎస్ ఎఫ్‌ఈసీ (అందులో ఒక రకం) పెట్టి రెండోవైపు తీసేస్తే, మాడ్యూళ్ళు రెండూ ఒకటే అయినా లింకు రాదు. సర్వర్ కార్డుకీ స్విచ్‌కీ మధ్య 25జీ లింకు రాకపోతే నేను కేబుల్ కన్నా ముందు దీన్నే చూస్తాను. ఇక మాడ్యూల్‌లోని చిన్న చిప్పులో కంపెనీ పేరు చదివి, నచ్చకపోతే పోర్టునే మూసేసే స్విచ్‌లూ ఉన్నాయి. ఆ దిక్కుమాలిన తాళం గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది, ఆ సంగతి ఇంకోసారి.

మిగిలిన 10జీ ఎల్‌ఆర్‌లు వృథా కాలేదు. లైబ్రరీ స్విచ్‌కి ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులున్నాయి, అటొకటి ఇటొకటి పెట్టాం. ఇప్పుడు హాస్టల్‌కి ఒకే ఫైబర్ పోగు మిగిలిందట, కాంట్రాక్టరు బైడీ మాడ్యూళ్ళు (ఒకే పోగు మీద పంపడం, అందుకోవడం రెండూ చేసేవి) కొంటాడట. "రెండూ ఒకే రకం తేవద్దు. ఒకటి 1310లో పంపి 1490లో అందుకునేది, రెండోది సరిగ్గా దానికి తిరగేసింది. రెండూ 1జీవే" అని కాంట్రాక్టరుకి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి. బిల్లు కాపీ పంపితే గానీ నమ్మను.