ఆ 4.37

ఒక గార్నెట్ ఖనిజపు గింజలో ఆండ్రడైట్ అనే రకం వాటా 4.37 శాతం. పొద్దున ల్యాబ్ కుర్రాడు పంపిన పట్టికలో చివరి వరసలో ఉన్న అంకె ఇది. రోజంతా పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. పదకొండు దాటింది. ఆయన ఎప్పుడో పడుకున్నారు, బుజ్జి గదిలో లైటు కూడా ఆరిపోయింది. నేను కాగితం మీద లెక్క వేసి, కొట్టేసి, మళ్ళీ వేసి, చివరికి ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

కుర్రాడిని అనడానికేం లేదు. గార్నెట్ గింజ మీద మైక్రోప్రోబ్ (ఎలక్ట్రాన్ల కిరణంతో మూలకాలు కొలిచే యంత్రం) కిరణం నిలిపాడు, ఆక్సైడ్లు బరువు శాతాల్లో వచ్చాయి, వాటిని స్ప్రెడ్‌షీట్‌లో వేశాడు. ఆల్మండైన్ ఇంత, పైరోప్ ఇంత, గ్రాసులర్ ఇంత, స్పెసర్టీన్ ఇంత, ఆండ్రడైట్ ఇంత అని అది ఐదు ఎండ్ మెంబర్లుగా, అంటే కలగలుపు లేని ఐదు శుద్ధ రకాలుగా, విడగొట్టి ఇచ్చింది. కూడితే సరిగ్గా వంద. నా మంట అక్కడే. వంద వచ్చిందంటే అందరూ నమ్మేస్తారు. వంద రావాలని షరతు పెట్టి లెక్క కడితే వంద రాక ఇంకేమొస్తుంది?

ఆండ్రడైట్ అంటే కాల్షియం, ఫెర్రిక్ ఇనుము ఉన్న గార్నెట్ కొస. (ఎండ్ మెంబర్‌ని నేను కొస అంటాను.) మైక్రోప్రోబ్ ఇనుము ఎంతుందో చెబుతుంది. అందులో ఫెర్రస్ (రెండు ధనావేశాలున్న ఇనుము) ఎంత, ఫెర్రిక్ (మూడున్నది) ఎంత అన్నది మామూలు విశ్లేషణలో తేలదు. అందుకని లెక్కలో తేలుస్తాం. గార్నెట్‌లో ఎనిమిది కాటయాన్లకు (ధనావేశం ఉన్న అయాన్లకు) పన్నెండు ఆక్సిజన్లు ఉండాలి, విద్యుదావేశాలు సరిపోవాలి. సరిపోకపోతే ఆ లోటు పూడేదాకా ఫెర్రస్‌ని ఫెర్రిక్‌గా మారుస్తూ పోతాం. డ్రూప్ 1987లో ఇచ్చిన సూత్రం ఇదే. మంచి సూత్రం, నేనూ వాడతాను. కాకపోతే మిగతా మూలకాల కొలతల్లో దొర్లిన పొరపాట్లన్నీ వచ్చి ఫెర్రిక్ ఇనుము నెత్తిన పడతాయి. ఇందాక కాగితం మీద చూసింది అదే. సిలికా 38 శాతం రావాల్సిన చోట 37.6 వచ్చిందనుకుందాం. ప్రోబ్‌కి అదేం పెద్ద తేడా కాదు. ఆ ఒక్కదానికే ఆండ్రడైట్ ఒక శాతానికి పైగా పెరిగిపోయింది. దశాంశానికి ముందున్న అంకెకే స్థిరం లేనప్పుడు, తర్వాత రెండో అంకె దేనికి? నాలుగు దరిదాపుల్లో అని రాస్తే సరిపోయేది.

పైగా ఏ కొసను ముందు విడదీశాం, ఏది తర్వాత అన్న దాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. గార్నెట్ విశ్లేషణల్ని కొసలుగా ఎలా మార్చాలా అని రిక్‌వుడ్ 1968లోనే ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. ఆ గింజలో ఆండ్రడైట్ ముక్కలు ఒకచోట, పైరోప్ ముక్కలు ఇంకోచోట ఉండవు. ఉన్నది ఒకే స్ఫటికం. ఒకే రకం స్థానాల్లో మెగ్నీషియం, ఫెర్రస్ ఇనుము, మాంగనీస్, కాల్షియం పక్కపక్కన సర్దుకుని కూర్చున్నాయి. శాతాలు మనం రాసుకునే పద్దు.

మీటింగ్‌లో ఇదే చెప్పబోయాను. పూర్తిగా విననేలేదు. ఒకాయన, నాకంటే ఎంతో సీనియర్, "ఎండ్ మెంబర్లన్నీ ఎలాగూ ఊహలే కదమ్మా, రెండు దశాంశాలుంటే వచ్చిన నష్టమేముంది" అనేసి తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. ఊహే కాబట్టి ఎంత సూక్ష్మంగానైనా రాయొచ్చంటే ఎలా? ఊహ అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా. ఈ మాట అక్కడ నోటికి రాలేదు, మెట్లు దిగుతుంటే వచ్చింది. సాయంత్రమంతా అదే టెన్షన్.

ఇవన్నీ మాస్టారి దగ్గర నేర్చుకున్నవి. ప్రాజెక్టులో నా మొదటి ఖనిజం ఆలివిన్. రెండే కొసలు. మెగ్నీషియం వైపు ఫోర్‌స్టరైట్, ఇనుము వైపు ఫయలైట్. నాలుగు రోజులు కాలిక్యులేటర్‌తో కుస్తీ పట్టి, పద్దెనిమిది గింజలకు లెక్క కట్టి, గీతల కాగితం మీద చుక్కలు పెట్టి, ఎంతో గర్వంగా తీసుకెళ్ళాను. ఫోర్‌స్టరైట్ శాతాలన్నీ 86 దగ్గర గుమిగూడాయి. భూప్రావారం (భూమి పైపెంకు కింది పొర) నుంచి వచ్చే ఆలివిన్లు మామూలుగా 88, 92 మధ్య ఉంటాయని పుస్తకాలు చెబుతాయి, నావి వేరుగా ఉన్నాయి, అంటే ఏదో కొత్త విషయం కనిపెట్టేశానని రాత్రంతా నిద్రపోలేదు. మాస్టారు కాగితం చూశారు. పెన్సిల్‌తో 86 చుట్టూ ఒక సున్నా చుట్టారు. "ఏమ్మా, తూకం వేస్తున్నావా, తలలు లెక్కపెడుతున్నావా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయనేం వివరించలేదు, కాగితం చేతికిచ్చి పంపేశారు. వరండాలో గంటసేపు నిలబడ్డాక వెలిగింది. ఫోర్‌స్టరైట్ ఒక మోల్ బరువు 140.7 గ్రాములు, ఫయలైట్‌ది 203.8. ఇనుము బరువైనది. సగం సగం అణువులున్నా తూకంలో ఫోర్‌స్టరైట్ వాటా 41 శాతమే. నేను బరువు శాతాన్ని మోల్ శాతం, అంటే తలల లెక్క, అనుకుని రాశాను. మార్చి కడితే 86 కాస్తా 90 అయింది. అందరి ఆలివిన్లలాగే నావీ. వెనక్కి వెళ్ళి చెబితే ఆయన సున్నా చెరిపేసి పక్కన 90 వేశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. పెన్సిల్ గీత పోయింది, కాగితంలో ఆ గుండ్రటి నొక్కు మాత్రం వేలికి తగులుతుంది.

భోజనాల దగ్గర బుజ్జికి ఇదంతా చెప్పాను, కోపంగానే. అది అంతా విని, "మరి అసలు కొసను ఎవరైనా చూశారా అమ్మా? వందకి వంద పైరోప్?" అంది. "ఎవరూ చూడలేదు" అన్నాను. టక్కున. అంటే పొద్దున ఆ పెద్దాయన అన్న మాటే నేనూ అన్నాను.

గిన్నెలు సర్దుతుంటే గుర్తొచ్చింది, డోరా మైరా. పశ్చిమ ఆల్ప్స్‌లో. అక్కడి పైరోప్ స్ఫటికాలు దాదాపు కొసే. 1984లో షోపాన్ వాటి లోపల కోయసైట్ కనిపెట్టాడు. అది ఎంతో ఒత్తిడి ఉంటే తప్ప పుట్టని సిలికా రూపం. ఆ రాయి దాదాపు 100 కిలోమీటర్ల లోతుకు వెళ్ళి తిరిగి వచ్చిందని దాన్ని బట్టి తెలిసింది. ఇంకో సంగతుంది. పైరోప్ అన్న పేరుకి గ్రీకులో అగ్ని నేత్రం లాంటిది అని అర్థం. ఎర్రగా ఉంటుందని పెట్టిన పేరు. తీరా శుద్ధమైన పైరోప్‌కి రంగే లేదు! ఎరుపు ఇనుముది, క్రోమియానిది. డోరా మైరా గింజలు తెల్లగా, లేత గులాబీ ఛాయలో ఉంటాయి. పేరు కొసది, రంగు కొస కానివాటిది. ఇన్నేళ్ళు పాఠం చెబుతూ ఈ ముక్క బుజ్జికి ఎప్పుడూ ఎందుకు చెప్పలేదో.

చంద్రుడి మీద కూడా అంతే. 1971లో అపోలో 15 వాళ్ళు తెచ్చిన 15415 నంబరు రాయిలో ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం 95 శాతానికి పైనే అనార్థైట్, అంటే దాని కాల్షియం కొస. చంద్రుడిలో సోడియం బాగా తక్కువ, అందుకని సోడియం కొస ఆల్బైట్ కలవడానికి సరుకే లేదు. కొసకు అంత దగ్గరగా ఉండటమే ఆ రాయి చెప్పే కథ.

అయితే పొద్దున నేను అనుకున్నదీ పూర్తిగా సరి కాదు. కొసలు ఉత్త పద్దు కాదు. వాటికి సొంత నడత ఉంది. అనార్థైట్ 1553 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆల్బైట్ 1118 దగ్గర. మధ్యలో ఉన్నవేవీ ఒక్క ఉష్ణోగ్రత దగ్గర కరగవు, మెల్లగా ఒక పరిధి పొడుగునా కరుగుతాయి. బోవెన్ 1913లో ఇదంతా కొలిచి గీసిన బొమ్మనే ఇప్పటికీ తరగతిలో గీస్తాం. రెండు కొసలూ గట్టిగా నిలబడకపోతే ఆ గీతలు ఎక్కడికి కట్టేవాడు?

ఊహ అన్న మాట అతికేది భూప్రావారపు కొసలకి. జిండ్లర్, హార్ట్ 1986లో వాటిని ఒక చట్రంలో పెట్టారు. డీఎమ్‌ఎమ్, హైమూ, ఈఎమ్ 1, ఈఎమ్ 2 అని, భూప్రావారంలో ఉన్నాయనుకునే నాలుగు రకాల పదార్థాలకు పేర్లు. సముద్ర ద్వీపాల లావాల్లో ఐసోటోపు నిష్పత్తులు (ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువుల నిష్పత్తులు) గీస్తే చుక్కలు కొన్ని మూలలకేసి సాగుతాయి. సెయింట్ హెలీనా ఒక మూలకి, పిట్‌కెయిర్న్ ఇంకో మూలకి, సమోవా మరో మూలకి. ఆ మూలల్లో ఉన్న పదార్థాన్ని విడిగా చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు. సమోవా దగ్గర సముద్రం అడుగు నుంచి తీసిన లావాల్లో స్ట్రాన్షియం ఐసోటోపు నిష్పత్తి 0.72 దాకా ఉందని 2007లో తేలేసరికి ఆ మూల అమాంతం ఇంకా అవతలికి జరిగింది. పైరోప్ అలా జరగదు. దాని సూత్రం ముందే ఖాయం.

రెంటినీ ఎండ్ మెంబర్ అనే పిలుస్తాం. ఆ పెద్దాయన దీన్ని మనసులో పెట్టుకుని అన్నారేమో. ఏమో, నాకైతే అలా అనిపించలేదు.

కుర్రాడికి మెసేజ్ పెట్టాను. ఆక్సైడ్ల మొత్తం ఎంత వచ్చింది, సిలికా ఎంత, ఒకే చోట ఐదుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తోంది, ముందు ఇవి పంపమని. మేలుకునే ఉన్నాడు. "సరే మేడమ్, 4.37 తీసేయనా?" అని అడిగాడు. వద్దు, పక్కన తేడా కూడా రాయి అన్నాను.

బుజ్జి లేవగానే చెప్పాలి, చూశారే అని.