తాడిపత్రిలో బండల పాలిష్ మళ్ళీ మొదలైనప్పుడు
2020 లాక్‌డౌన్ సడలించి మా తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలు తెరవొచ్చు అనగానే ఓనర్లకి ఒకటే తొందర, ఆర్డర్లు ఆగిపోయినాయి కదా మరి. కానీ మే 7న విశాఖలో లాక్‌డౌన్‌తో ఆగిన ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయ్యాక ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) వాళ్ళు మే 9న చెప్పనే చెప్పినారు, మొదటి వారం ట్రయల్ రన్ అనుకోండి, పెద్ద టార్గెట్లు పెట్టుకోవద్దని.

మాస్కులు, శానిటైజర్ అందరూ చూసుకున్నారు, మిషన్ల సంగతే ఎవరికీ పట్టలే. అన్నాళ్ళు ఊరికే నిలబడిన మోటారుకి తేమ పట్టింటుంది, వైర్లు ఎలకలు కొరికింటాయి, కింద చూస్తే ఎప్పుడూ నీళ్ళే, షాక్ కొడితే ఏం గతి? మా సూపర్‌వైజరన్న మాత్రం మెయిన్ ఆపేసి వైర్లు, ఎర్తింగు, బెల్టులు అన్నీ చూసి, బ్లేడు మీద నీళ్ళు సరిగ్గా పడతాండాయా లేదా చూసినాకే కట్టర్ ఆన్ చేయనిచ్చినాడు (నీళ్ళు లేకుండా కోస్తే దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే).

"వాసనొచ్చినా, సౌండు తేడాగా ఉన్నా ఆపేయండప్పా, నన్ను అడగాల్సిన పన్లేదు" అనేసినాడు. ఓనరు మొహం మాడింది గానీ ఏమనలే.