చేదుకొనుటకు ఏమియు లేదే

యోహాను సువార్త నాలుగో అధ్యాయం మీద ప్రసంగం వినని విశ్వాసి మనలో ఉండరు. జీవజలం గురించి వింటాం, అయిదుగురు పెనిమిట్ల గురించి వింటాం, ఆత్మతోను సత్యముతోను ఆరాధించడం గురించి వింటాం. వీటి మధ్యలో ఆ సమరయ స్త్రీ బావి దగ్గర యేసుతో అన్న ఒక మాటను మాత్రం గబగబా దాటేస్తాం. "అయ్యా, యీ బావి లోతైనది, చేదుకొనుటకు ఏమియు లేదే." విదేశాలకు మిషన్ ట్రిప్ వెళ్లే ప్రతి బృందమూ పెట్టెలు సర్దుకోకముందే ఈ మాట దగ్గర కాసేపు కూర్చోవాలి.

బండను చీల్చి ఇశ్రాయేలు దాహం తీర్చినవాడికి యాకోబు బావిలోంచి నీళ్లు రప్పించుకోవడం ఎంత పని? అయినా మిట్టమధ్యాహ్నం, అలసిపోయి, చేద లేక, తాడు లేక, తన జనులు సాంగత్యం చేయని ఊరి బావి దగ్గర కూర్చుని "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడు. ఇవ్వడానికి వచ్చినవాడు ముందు చెయ్యి చాపాడు. ఆ ఊళ్లో ఎవరూ లెక్కచేయని మనిషిని తనకు ఇవ్వగలిగిన మనిషిగా నిలబెట్టాడు. ఇంకో సంగతి చూడండి. బావి లోతు గురించి చెప్పింది ఆమె. రోజూ కుండ మోసేది ఆమె గనుక ఆ లోతు ఆమెకు తెలుసు. సర్వజ్ఞుడైన ప్రభువు ఆమె నోట ఆ మాట రానిచ్చాడు, అడ్డం రాలేదు. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు వేడుకుంటే "ఆయన అక్కడ రెండు దినములుండెను." రెండే రోజులు! పది రోజుల టికెట్టు కొనుక్కుని బయల్దేరే మనకు ఇంతకు మించిన మాదిరి ఎక్కడుంది?

ఈ వాక్యాన్ని ఆఫ్రికాలోని మలావి దేశంలో ఒక పల్లె బోరింగు దగ్గర నిలబడి చదువుకుందాం. సంఘాలు కానుకలు పోగుచేసి బోర్లు వేయిస్తున్న దేశాల్లో అదొకటి. అక్కడ ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం ముందు "ఓడీ" అని పిలిచి, లోపలినుంచి పిలుపు వచ్చాకే అడుగు పెట్టాలి. ఊళ్లో ఏ పనైనా ముందు గ్రామ పెద్దను కలిసి, కూర్చుని, ఎందుకొచ్చారో చెప్పుకున్నాకే మొదలవ్వాలి. స్త్రీలు మోకాళ్లు దాటే దుస్తుల మీద చిటెంజె గుడ్డ చుట్టుకుంటారు. మన అక్కచెల్లెళ్లకు ఇది చెప్పనక్కర్లేదు గానీ అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. భోజనానికి ముందు ఎవరో ఒకరు వచ్చి మీ చేతుల మీద నీళ్లు పోస్తారు. చేతులు చాపండి. శానిటైజర్ సీసా బయటకు తీయకండి. మొక్కజొన్న పిండితో వండిన న్సిమను కుడిచేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుని తినడం ముద్ద కలుపుకుని తినే మనకు కొత్త కాదు. తెల్లవాళ్ల బృందాలకు లేని ఈ వరం మనకుంది. దాన్ని కూడా ప్రభువు పని కోసం వాడుకుందాం.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. నీళ్లు అడగమంటుంది వాక్యం. వాళ్లిచ్చిన నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయని భయపెడతారు బృంద నాయకులు. అందుకని పెట్టెలకు పెట్టెలు సీసా నీళ్లు మోసుకెళ్లి, బిందె ఎత్తుకుని నిలబడ్డ ఆ తల్లుల ముందే మూత తీసి గటగటా తాగుతారు. చూడ్డానికి ఎంత బాధగా ఉంటుందో! జాగ్రత్త పడటం తప్పు కాదు, అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుసుకుని పడాలి. సరిగా కట్టిన లోతు బోరు నీళ్లకన్నా మూతలేని బిందెలో, అందరూ ముంచే గ్లాసులో ఎక్కువ ముప్పుంది. నీళ్లు పరీక్ష చేయించిన బోరైతే పంపు ధార దగ్గరే దోసిలి పట్టండి. ఆ నమ్మకం లేని చోట టీ అడగండి, అది మరిగిన నీళ్లే. తోబ్వ అడగండి, అది మొక్కజొన్న జావ కాచి పులియబెట్టి చేసేది. ఏదో ఒకటి అడగడం మాత్రం మానకండి. వాళ్లింట్లోది మీ కడుపులోకి వెళ్లాలి. మలేరియా మాత్రలు డాక్టరు చెప్పినట్టు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వాడాలి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపేసేవాళ్లే జ్వరాన పడతారు. మలావి సరస్సు ఎంత అందంగా ఉన్నా దిగకండి, చర్మంలోంచి ఒంట్లోకి దూరి జబ్బు చేసే బిల్హార్జియా పురుగు ఆ నీళ్లలో ఉంటుంది.

ఇక పంపు సంగతి. మన పల్లెల్లో చూసే బోరింగు ఇండియా మార్క్ 2. దాని లోపలి సీలు మార్చాలంటే ఇనప పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. అందుకు పనిముట్లు కావాలి, నలుగురు మనుషులు కావాలి, మెకానిక్కు రావాలి. మలావిలో ఎక్కువగా కనిపించేది ఆఫ్రిదేవ్ అనే చేతిపంపు. ఆ దేశంలోనే రూపుదిద్దుకున్న మాల్‌దేవ్ పంపు దానికి ముందు తరం. దీని పైపు ప్లాస్టిక్కుది, దించాక మళ్లీ కదపనక్కర్లేదు. కడ్డీలు కొక్కేలతో ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. ఒక్క స్పానరుతో తల విప్పి, కడ్డీలు లాగి, నీళ్లను పైకి ఎత్తే ప్లంజర్‌ను, ఆ తర్వాత అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే ఫుట్ వాల్వ్‌ను పైపులోంచే బయటికి తీయొచ్చు. ఊరి ఆడవాళ్లే బాగుచేసుకోగలిగేలా దాన్ని తయారుచేశారు. మనం వెళ్లి వాళ్లను పక్కకు నిలబెట్టి, మనమే స్పానరు పట్టుకుని ఫొటో దిగడం దేవుని దృష్టిలో ఎలా ఉంటుందో ఆలోచించండి.

బావి లోతు ఎవరికి తెలుసు? పొద్దున్నే మొదటి బిందె పెట్టినామెకు తెలుసు. చాలాసార్లు కొడితే గానీ ధార మొదలవడం లేదని ఆమె అంటే, రాత్రంతా పైపులో నిలవాల్సిన నీళ్లు కిందికి జారిపోయాయన్నమాట. ఫుట్ వాల్వ్‌లోని రబ్బరు ముక్కలు, ఓ-రింగో బాబినో పోయింది, లేదంటే పైపు అతుకు ఎక్కడో వదులైంది. ఎంతసేపు కొట్టినా ధార సన్నగానే వస్తోందంటే ప్లంజర్ మీది యూ-సీల్ అరిగింది. పిడి అటూ ఇటూ ఊగుతోందంటే బేరింగులు మార్చాలి. నీళ్లలో ఇసుక పడుతోందంటే ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు, లోపం బోరు అడుగున జల్లెడ పైపు దగ్గర, దాని చుట్టూ పోసిన కంకర దగ్గర ఉంది. సీళ్లు, బాబిన్లు చిన్న వస్తువులు, ఏడాదికోసారి పాడవకముందే మార్చేయాలి. ఇవన్నీ ఆమెను అడిగి తెలుసుకోవాల్సిన సంగతులు. "అమ్మా, ఈ బావి ఎలాంటిది?" అని అడగకుండా బోరు వేయించే బృందం ప్రభువు కూర్చున్న చోట కూర్చోలేదు.

అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. వానల్లోనో, వానలు వెలిసిన వెంటనేనో బోరు వేస్తే నీళ్లు పైపైనే తగులుతాయి, అందరూ చప్పట్లు కొడతారు. అక్టోబరు వచ్చేసరికి నీటిమట్టం దిగిపోయి పంపు గాలి పీలుస్తుంది. ఎండాకాలం చివర తవ్వండి, లేదా ఆ మట్టాన్ని లెక్కలో పెట్టుకుని ఇంకా లోతుకు వెళ్లండి. గంటల తరబడి నీళ్లు తోడి పరీక్షించాకే పంపు బిగించండి. పంపు చుట్టూ పోసే సిమెంటు గట్టును ఎండనివ్వకుండా తడి గోనెలు కప్పి కనీసం వారం రోజులు తడపాలి. ప్రయాణపు చివరి రెండు రోజుల్లో హడావుడిగా పోసి, దాని మీద సంఘం పేరు చెక్కి వచ్చేస్తే అది బీటలిస్తుంది, వాడిన మురికినీరు ఆ బీటల్లోంచి మళ్లీ బోరులోకే దిగుతుంది. పారే నీళ్లకు కాలువ తీసి చివర కూరమడి పెట్టించండి. మేకలు రాకుండా చుట్టూ కంచె వేయించండి. అన్నిటికన్నా ముందు, పంపును చర్చి ఆవరణలో పెట్టి గేటుకు తాళం వేయొద్దు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరన్న గోడను ప్రభువు ఒక బావి దగ్గరే దాటాడు. ముస్లిం కుటుంబాల బిందెలకూ అక్కడ అంతే వరుస ఉండాలి.

ప్రతి ఇంటినుంచి కొంత డబ్బు పోగుచేసి సీళ్లు కొనేందుకు ఊరి నీళ్ల కమిటీ ఉంటుంది, అందులో స్త్రీలుంటారు. మీరు జాలిపడి ఆ ఏడాది సీళ్లన్నీ ఉచితంగా ఇచ్చేస్తే వసూలు ఆగిపోతుంది. దగ్గర్లోని ఊళ్లో సీళ్లమ్మే కొట్టు కూడా మూతపడుతుంది. పాత బట్టలూ అంతే. కౌంజిక అని పిలిచే పాతబట్టల బజారు అక్కడ ఎప్పటినుంచో ఉంది, మన సూట్‌కేసుల కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. పిల్లలకు బండి మీదనుంచి చాక్లెట్లు విసరడం మాత్రం దయచేసి ఈరోజే మానేయండి. పిల్లలు చక్రాల వెంట పరుగెత్తుతారు.

ఇచ్చే తీరు గురించి మన నేలకే ఒక సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. గంజి కోసం నమ్మారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల్లో ఎన్నో ఆ చెట్టు కొమ్మలే. అలాంటిది, పంపు ప్రారంభించే రోజు నీళ్ల కోసం నిలబడ్డవాళ్లను ఎండలో కూర్చోబెట్టి గంటసేపు సువార్త చెప్పి, చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టుకుని రావడం మనకు తగునా?

పైగా మలావికి సువార్త మనతో రాలేదు. స్కాట్లండ్ మిషనరీలు లివింగ్‌స్టోనియా మిషన్‌ను 1875లో మొదలుపెట్టారు. అక్కడ మనవళ్లకు మనవళ్లు విశ్వాసులు. "ఇతరులు కష్టపడిరి మీరు వారి కష్టఫలములో ప్రవేశించుచున్నారు" అని ప్రభువు ఆ బావి దగ్గరే చెప్పాడు. కాబట్టి ఆదివారం ప్రసంగం అక్కడి పాస్టరు గారికే వదిలేసి, కూర్చుని వినండి. వాళ్ల పాట నేర్చుకోండి. తెలుగు బాప్తిస్టు మిషనరీ అయిన మన జాన్ రంగయ్య గారు 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, చెరకు, తేయాకు తోటల్లో కూలి చేస్తున్న తెలుగువాళ్ల దగ్గరికి వెళ్లారు. చనిపోయేదాకా వాళ్లతోనే ఉన్నారు. అంతకాలం ఉండే పిలుపు అందరికీ రాదు. రెండు రోజులే ఉండేవాళ్లు అతిథుల్లా ఉండాలి. మనం తిరిగొచ్చేటప్పటికి ఆ ఊరివాళ్లు, ఆనాటి సమరయుల్లాగే, "మామట్టుకు మేము విని" అనగలగాలి, మన పేరు తలవాల్సిన అవసరం ఉండకూడదు.

తిరిగొచ్చాక అక్టోబరులో, నీటిమట్టం బాగా దిగే కాలంలో, కమిటీ కోశాధికారి అమ్మగారికి ఒక ఫోను చేయండి. పొద్దున్న ధార వెంటనే వస్తోందా, కమిటీ డబ్బు జాగ్రత్తగా ఉందా, గట్టు బీటలిచ్చిందా అని అడగండి. డబ్బు పంపుతామని నోరు జారకండి. మీకు చెప్పకుండానే సీలు వాళ్లే కొని వాళ్లే మార్చుకున్నారని తెలిస్తే, వచ్చే ఆదివారం సంఘంలో ఫొటోల బదులు ఆ కబురు చదివి స్తుతి చెల్లించండి.