శిశువులు, మాటల ధ్వనులు: టెట్‌కి ఈ టాపిక్ ఇలా చదివితే బిట్ పోదు

ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం, పెడగాజీ (బోధనా శాస్త్రం)కి 30 మార్కులు. భాషా వికాసం రాగానే మనవాళ్ళు ఏడుపు, కూతలు, ముద్దుపలుకులు అని వరస బట్టీ పట్టి పేజీ తిప్పేస్తారు. అదంతా బిడ్డ నోటి సంగతి. చెవి సంగతి అంతకన్నా ముందే మొదలవుతుంది.

నెలల పిల్లలకి బ, ప తేడా తెలుస్తుందని 1971లో ఐమాస్ బృందం చూపించింది. నోట్లో పాలపీక పెట్టి, దాన్ని యంత్రానికి కలిపారు. ఒకే ధ్వని వింటూ ఉంటే బిడ్డకి విసుగొచ్చి చీకడం తగ్గుతుంది. ధ్వని మారగానే మళ్ళీ జోరందుకుంటుంది.

అసలు గట్టిగా పట్టుకోవలసింది కెనడాలో వెర్కర్, టీస్ చేసిన 1984 నాటి పరిశోధన. ఇంగ్లిష్ ఇళ్ళలో పెరిగే 6-8 నెలల పిల్లలు హిందీలోని త, ట తేడాని చక్కగా గుర్తుపట్టారు. ధ్వని మారినప్పుడు తల తిప్పితే బొమ్మ ఆడుతుంది, అదే వాళ్ళకి బహుమతి. 10-12 నెలల పిల్లల్లో చాలామంది మాత్రం ఆ తేడా పట్టలేకపోయారు. హిందీ ఇళ్ళ పిల్లలకి ఆ వయసులోనూ ఇబ్బంది లేదు.

గుంటూరు బ్రాడీపేటలో మా రూమ్‌లో ఇది చదివిన రోజు అందరం త, ట, త, ట అంటూ కూర్చున్నాం. ‘త’కి నాలుక పళ్ళని తాకుతుంది, ‘ట’కి వెనక్కి మడుచుకుంటుంది. ఇంగ్లిష్ వాళ్ళ ధ్వని రెంటికీ మధ్యలో, పై చిగుళ్ళ దగ్గర పుడుతుంది. పక్క రూమ్ వాళ్ళు తలుపు కొట్టారనుకోండి, అది వేరే విషయం. కానీ దంత్యం (త), మూర్ధన్యం (ట) అన్న మాటలు ఆ తర్వాత ఎవరూ మర్చిపోలేదు.

ఆప్షన్లలో ‘వినికిడి తగ్గుతుంది’ అని ఇస్తే టిక్ పెట్టకండి. చెవి బాగానే ఉంటుంది. మెదడు సొంత భాష ధ్వనుల మీద పదును పెట్టుకుంటుంది, అంతే. 2006లో పాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం ర, ల లాంటి ఇంగ్లిష్ ధ్వనులతో చూస్తే, ఏడాది నిండే వేళకి అమెరికా పిల్లలు మెరుగయ్యారు, జపాన్ పిల్లలు వెనకబడ్డారు.

ఆమె బృందానిదే 2003 ప్రయోగం ఇంకోటుంది. 9 నెలల అమెరికా పిల్లలతో మనిషి ఎదురుగా కూర్చుని చైనా భాషలో ఆడి, కబుర్లు చెబితే ఆ ధ్వనులు వాళ్ళకి పట్టుబడ్డాయి. అవే కబుర్లు వీడియోలో చూపిస్తే ఏమీ అబ్బలేదు. దీన్ని నోట్స్‌లో, పిల్లలు మనుషులతో కలిసి మెలుగుతూ నేర్చుకుంటారన్న వైగాట్‌స్కీ పేజీలోనే రాసుకోండి. సామాజిక పరస్పర చర్య మీద ప్రశ్న ఎటు తిప్పి అడిగినా ఉదాహరణ చేతిలో ఉంటుంది.